నేను కొట్టిన చప్పుడుకు నేనే ఉరికిన రోజు

చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ముందే ఒక మాట చెప్పుకుంటాను. నేను చదివింది నాలుగో తరగతి, అది కూడా సగం రోజులు బర్రెల వెంట పోయి. ఉద్యోగంలో సంతకం పెట్టడానికి తప్ప కలం పట్టింది లేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. మా మనుమరాలు చదివి కొన్ని తప్పులు దిద్దింది. మిగిలినవి చూసి, "తాతా, ఇవి గూడ దిద్దితే నువ్వు రాసినట్టు ఉండది" అని వదిలేసింది. కాబట్టి తప్పుల్లో సగం బాధ్యత ఆమెది.

ట్రైనింగ్ సెంటర్ వాళ్లు రిటైరైన వాళ్లందరినీ ఒక్కొక్క అనుభవం రాసి ఇమ్మన్నారు, కొత్తగా చేరేవాళ్లు చదువుకోవడానికి. మిగతావాళ్లు గనిలోకి నీళ్లు వచ్చిన సంగతి, మంట లేచిన సంగతి రాశారట. నా దగ్గర అంత పెద్దవి లేవు. ఒక మిషన్ మూగబోతే నేను దానికి నోరైన సంగతి ఒకటి ఉంది. నవ్వినా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి.

నేను గోదావరిఖని దగ్గర భూమి లోపలి గనిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. గనిని మేము బాయి అంటాం. బాయిలో నా పని రూఫ్ సపోర్టు. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు మీద పడకుండా దుంగలు, ఇనుప బోల్టులు పెట్టడం. దానికంటే ముందు చేసే పని ఒకటి ఉంది. చేతిలో పొడుగు కర్ర, దాని కొసకు ఇనుప పొన్ను. దాంతో రూఫును కొట్టి వినాలి. గట్టి రూఫైతే కంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొబ్బుమంటుంది, ఖాళీ డ్రమ్మును కొట్టినట్టు. డొబ్బుమన్నదంటే ఇక ఆలోచించేది లేదు. "ఎనక్కి!" అని ఒక్క కేక వేయాలి. కేక వేసింది ఎవరని కూడా చూడకుండా అందరూ వెనక్కి ఉరకాలి. గట్టి రూఫు కిందికి వచ్చాక మనుషుల లెక్క పెట్టాలి. పెద్ద సారైనా, నిన్న చేరిన పిల్లగాడైనా ఇంతే. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఉద్యోగం ఇంకా రెండేళ్లు ఉందనగా నా మోకాళ్లు రెండూ పోయాయి. దవాఖానలో చూసి, లోపలికి దిగొద్దు, పైన పని చెయ్యమన్నారు. ట్రైనింగ్ సెంటర్లో వేశారు. తలుపులు తీయడం, కుర్చీలు వేయడం, కొత్తవాళ్లకు కర్ర ఎట్లా పట్టాలో చూపించడం. నాకు స్వర్గంలా ఉండేది. అక్కడ నాకు తోడు ఇంకొకాయన. ఊరి వరసకు నాకు బావ. బాయిలో ఏళ్ల తరబడి మందు పేల్చే దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. పక్కన ఉరుము ఉరిమినా, "ఎవరో పిలిచినట్టుంది" అంటాడు. మాటలన్నీ మన పెదవులు చూసి పట్టుకుంటాడు.

ఆ రోజుల్లోనే సెంటర్‌కు రెండు మిషన్లు వచ్చాయి. గోడంత టీవీ తెర, దాని ముందు నిలబడితే నిజంగా బాయిలో ఉన్నట్టు చీకటి, రాళ్లు, బొగ్గు కనిపిస్తాయి. చేతికి వైర్లున్న ప్లాస్టిక్ కర్ర ఇస్తారు. దాంతో తెర మీది రూఫును కొడితే చప్పుడు వస్తుంది. బాయిలోకి దిగకముందే కొత్తవాళ్లు చెవికి పని నేర్చుకోవాలని ఈ ఏర్పాటు. రెండు మిషన్లూ రెండు వేరు వేరు కంపెనీలవి. ఒకదానికి నీలం రంగు, ఇంకొకదానికి పచ్చ రంగు. కొన్నాళ్లు రెండింటినీ వాడి చూసి, ఏది బాగుంటే దాన్ని అన్ని ట్రైనింగ్ సెంటర్లకూ కొంటారు.

నీలం మిషన్ చూసుకునే ఇంజనీరమ్మది బసంత్‌నగర్. తండ్రి సిమెంటు లారీ నడిపేవాడు. హైదరాబాదులో చదివి అక్కడే నౌకరీ చేస్తున్నా, మాతో మాట్లాడితే మన మాటే. మొదటి రోజే నేను అడిగాను, ఈ తెర లోపల బాయి ఎట్లా తవ్వారు అని.

"తవ్వలే కాకా. గేమ్ ఇంజిన్ల కట్టినం."

"గేమ్ ఇంజినంటే?"

"పిల్లలు ఫోన్ల కార్లు ఉరికిస్తరు, తుపాకులు పేలుస్తరు జూడు. ఆ ఆటలు తయారుజేసే సామాను. మాది ఒక కంపెనీ ఇంజిను, పచ్చ మిషనోళ్లది ఇంకో కంపెనీ ఇంజిను. అవి రెండు పెద్ద పెద్ద కంపెనీలు. ఒకదానికి ఒకటి అస్సలు పడది."

"మరి చప్పుడు?"

"చప్పుడు మాత్రం మూడో కంపెనీ పనిముట్టు కాకా. చిన్న కంపెనీ. ఇద్దరికీ అమ్ముతది. ఎవరి ఇంజిన్లనైనా సరే అతుక్కుంటది."

ఆ చప్పుళ్లు ఎక్కడివో తెలుసా? నావి. ఇంజనీరమ్మ పర్మిషన్ తీసుకుని, టోపీ, బూట్లు వేసుకుని, నాతో పాటు బాయిలోకి దిగింది. మోకాళ్లకు పట్టీలు కట్టుకుని నేను కూడా ఆ ఒక్క రోజు దిగాను. ఆమె మైకు పట్టుకుంటే నేను రూఫు కొట్టాలి. "ఇంకోసారి కాకా, ఇంకోసారి" అంటూ పొద్దంతా కొట్టించింది. ఒక చోట డొబ్బుమంది. నేను కేక వేసేలోపే ఆమె మైకు అక్కడే పారేసి ఉరికింది. లెక్క పెట్టడానికి ఇద్దరమే ఉన్నా నేను పద్ధతి ప్రకారం లెక్క పెట్టాను. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్లకు చెవి ఉందని.

తర్వాత నీలం మిషన్లో నా చప్పుడు విన్నప్పుడు నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. మా ఇంటామెను తీసుకొచ్చి వినిపించాను. ఆమె రెండుసార్లు విని, "గీ చప్పుడు కోసమా ముప్పై ఏండ్లు పొయ్యొచ్చినవ్?" అంది.

ఇట్లా హాయిగా సాగుతుండగా ఒక సోమవారం పొద్దున మిషన్ ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది, చప్పుడు రాలేదు. కొత్త పిల్లగాడు కర్రతో కొడుతున్నాడు, ఏమీ లేదు. తెర మీద కుడి పక్క చెడ్డ రూఫు మొత్తం కూలిపోయింది, అంత పెద్ద బండ వచ్చి దూదిలా పడింది. పక్కన మా బావ తృప్తిగా తల ఊపి, "ఇయ్యాల మంచిగ పనిజేస్తున్నది" అన్నాడు. ఆయనకు రోజూ అది అట్లాగే ఉండేది మరి.

ఇంజనీరమ్మకు ఫోన్ చేశాం. మరునాడే వచ్చి, ఫోన్లో ఎవరెవరితోనో మాట్లాడి, మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"చప్పుడు పనిముట్టు కంపెనీని పచ్చోళ్ల ఇంజిను కంపెనీ కొనేసింది కాకా."

నాకు అర్థమయ్యేలా చెప్పుకోవాలి కదా. నేను అన్నాను, "అంటే గిట్లనా? మన బస్టాండు కాడ రెండు మిర్చీ బండ్లున్నయ్. ఇద్దరికీ పడది. కని ఇద్దరూ శెనగపిండి ఒక్క గిర్నీల్నే పట్టిస్తరు. అండ్ల ఒకడు పోయి గిర్నీ కొన్నడు."

"అచ్చం గంతే కాకా!"

"మరి రెండోనికి పిండి పట్టనన్నడా?"

"అట్ల అనలే. మస్తు మంచిగ రాసిండ్రు. 'మీరు మాకు ఎంతో విలువైన మిత్రులు. మీ ఒప్పందం ఉన్నన్ని రోజులు నిశ్చింతగా వాడుకోండి. ఇకమీద వచ్చే కొత్త పనిముట్టు మా ఇంజినులోనే నడుస్తుంది' అని."

"ఒప్పందం ఎప్పటిదాంక?"

"మొన్న ఆదివారం దాంక."

"ముందుగాల చెప్పలేదా?"

"ఎప్పుడో చెప్పిండ్రట. మా సారు ఆ మెయిల్ సగమే చదివిండు. పైన అంత విలువైన మిత్రులు అని ఉండేసరికి ఖుషీ అయి కిందికి పోలే."

నేను కర్ర పట్టుకుని లేచాను. "నా రికార్డులు మనకాడ ఉన్నయ్ గదా. గవి పెట్టు."

"ఉన్నయ్ కాకా. కని అన్నీ ఆ పనిముట్టు లోపల్నే కట్టిపెట్టినం. విప్పాలంటే దాని తాళమే కావాలె. తాళం వాళ్లకాడ ఉన్నది."

ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కర్ర నాది. కొట్టిన చెయ్యి నాది. రూఫు మన బాయిది. తాళం మాత్రం ఏడు సముద్రాల అవతల ఉన్న ఎవరిదో. అతను బొగ్గును కూరల్లో వేసుకుంటారనుకునే మనిషి కూడా అయి ఉండొచ్చు.

"వేరే పనిముట్టు పెట్టుకుంటే?" అని అడిగాను.

"పెట్టొచ్చు. మల్ల అన్ని చప్పుళ్లు రికార్డు చెయ్యాలె, మొదటికెళ్లి అతికియ్యాలె. నెల పడతది."

"నెలే గదా?"

"ఎల్లుండి పరీక్ష ఉన్నది కాకా. పెద్ద సారు వస్తుండు. రెండు మిషన్లు చూసి ఏది కొనాల్నో ఆ రోజే తేలుస్తడట."

ఆ మాటకు నా మోకాళ్లు ముందు నొప్పి పెట్టాయి. నిజం చెబుతున్నాను, మొదట నా గురించే అనుకున్నాను. పచ్చ మిషన్ వాళ్లు తమ మనుషులను తామే పెట్టుకుంటారు. నీలం మిషన్ పోతే ఇక్కడ నాకు పని లేదు, రామకృష్ణాపూర్ అవతల ఎక్కడికో పంపిస్తారు. రోజూ రెండు బస్సులు ఎక్కి దిగాలి. తర్వాత సిగ్గుపడి, వేరే సంగతి గుర్తుకు తెచ్చుకున్నాను. ఆ సంగతి మోకాళ్ల కంటే పెద్దది.

పచ్చ మిషన్‌కు కొత్త చప్పుళ్లు వచ్చాయి. గిర్నీ వాళ్లదే కదా, బోలెడు వచ్చాయి. కానీ అవి మన రాతివి కావు. ఏ దేశం రాళ్లో, ఏ ఇనుమో. మంచి రూఫు టింగుమంటుంది, చెడ్డ రూఫు కూడా టింగుమంటుంది, కాస్త నిదానంగా. ఆ బ్యాచ్‌లో తండ్రి ఉద్యోగం కొడుక్కు వచ్చిన పిల్లగాడు ఒకడు ఉన్నాడు. ఆ తండ్రి నాకు తెలుసు, రూఫు కిందనే పోయాడు. ఈ పిల్లగాడు పచ్చ మిషన్ ముందు గంటసేపు కొట్టి కొట్టి నా దగ్గరకు వచ్చాడు.

"కాకా, రెండూ ఒక్క తీరే ఉన్నయ్. నా చెవులే మంచిగ లేవా?"

"నీ చెవులకేం గాలే బిడ్డా. మిషన్ మంచిగ లేదు" అన్నాను. కానీ పచ్చ మిషనే మిగిలితే వీళ్లంతా ఆ టింగు టింగు నేర్చుకుని బాయిలో దిగుతారు. లోపల నిజమైన డొబ్బు వినిపిస్తే, ఇది మనకు చెప్పింది కాదులే అనుకుని నిలబడతారు. ఆ ఆలోచనకు నాకు ఆ పూట అన్నం పోలేదు.

మరునాడు పొద్దున్నే నేను, బావ కలిసి బాయి దగ్గర పారేసిన రాళ్లలోంచి రూఫు రాతి పలకలు రెండు ఏరి, ఆటోలో వేసుకుని వచ్చాం. ఒకటి నేల మీద ఇసుకలో గట్టిగా అమర్చాను. ఇంకొకటి ఖాళీ ఆయిల్ డ్రమ్ము మీద పెట్టాను. నా పాత కర్రతో మొదటిదాన్ని కొడితే కంగు. రెండోదాన్ని కొడితే డొబ్బు. వరండాలో కొట్టి చూపిస్తే ఇంజనీరమ్మ నోరు తెరిచి, వెంటనే మూసింది.

"కాకా, ఇది మోసం గాదా?"

"ఎట్ల మోసం? రికార్డుల ఉన్నది గూడ నేనే. అప్పుడు మైకు ముందట కొట్టిన, ఇప్పుడు మిషన్ ఎనుక కొడత. గంతే ఫరక్."

"పట్టుకుంటే?"

"పట్టుకుంటే నన్ను పట్టుకుంటరు. నాకు రెండేండ్లే ఉన్నది. నీకు ఇంకా ముప్పై ఏండ్లున్నది. నువ్వు, 'నాకేం తెల్వది' అను."

ఆమె ఆ మాటకు ఒప్పుకోలేదు. ఒక నెల టైం కోసమే ఇది, నెలలో సరిగ్గా చేసి పెడతాను, అడిగితే దాచను అంది. సరే అన్నాను. ఇక ఏర్పాటు ఏమిటంటే, నీలం మిషన్ వెనుక ప్లైవుడ్ చెక్క అడ్డం ఉంది. దాని వెనుక నేను, రెండు రాళ్లు, డ్రమ్ము. చెక్క చివర బావ నిలబడి తెరను చూస్తాడు. పిల్లగాడు ఎడమ పక్క మంచి రూఫు కొడితే ఒక వేలు చూపిస్తాడు, కుడి పక్క చెడ్డ రూఫు కొడితే రెండు వేళ్లు. ప్రపంచంలో చప్పుడు పని చెవిటివాడికి అప్పజెప్పింది మేమే అయి ఉంటాం. కానీ కళ్లతో చూడటంలో బావను మించినవాడు లేడు.

పరీక్ష రోజు వచ్చింది. హాలు నిండా బాయి మనుషులే. లోపల పని చేయించే సర్దార్లు, వాళ్ల మీది ఓవర్‌మన్లు, కొత్త బ్యాచ్ పిల్లలు. మా ట్రైనింగ్ సారు గుంటూరు వైపు మనిషి, మంచివాడు, కంగారు ఎక్కువ. పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగుతూ, "ఏమయ్యా, అన్నీ సవ్యంగా ఉన్నాయా? ఏవీ పేలవు కదా?" అని ఒకటే అడగడం. పెద్ద సారు ఇప్పుడు ఏసీ గదిలో కూర్చుంటాడు గాని, ఉద్యోగం మొదలుపెట్టింది బాయి లోపలే. తెర బాగా కనిపించడానికి కిటికీలకు నల్ల గుడ్డలు కట్టారు, అందరికీ టోపీలు పెట్టారు. హాలు అచ్చం బాయి లాగే అయింది. అదే మా కొంప ముంచింది.

ముందు పచ్చ మిషన్. దాని సేల్స్ ఆయన నున్నగా దువ్వుకుని వచ్చాడు. "చప్పుడు సాంకేతికత ఇప్పుడు పూర్తిగా మా ఇంటిది సార్. వేరే వాళ్లకు ఇక దొరకదు" అని చెప్పి కొట్టి చూపించాడు. టింగు. టింగు.

వెనుక నుంచి ఒక ముసలి సర్దారు అన్నాడు, "ఇది రూఫా, పెండ్లి బ్యాండా?"

అందరూ నవ్వారు. పెద్ద సారు మాత్రం నవ్వలేదు. ఆ తండ్రి లేని పిల్లగాడిని పిలిచి, కళ్లు మూసుకుని చెప్పమన్నాడు, ఏది మంచి రూఫు, ఏది చెడ్డది అని. పిల్లగాడు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ తప్పే. సేల్స్ ఆయన, "ప్రాక్టీసు చేస్తే వస్తుంది సార్" అన్నాడు.

తర్వాత నీలం మిషన్. అదే పిల్లగాడు ప్లాస్టిక్ కర్ర పట్టుకున్నాడు. చెక్క వెనుక నేను కర్ర పట్టుకుని బావనే చూస్తున్నాను. బావ ఒక వేలు ఎత్తాడు. నేను కొట్టాను. కంగు. హాల్లో "ఆఁ" అన్నారు. మళ్లీ ఒక వేలు, మళ్లీ కంగు. మధ్యలో పిల్లగాడు ప్లాస్టిక్ కర్రతో వీపు గోక్కోవడానికి చెయ్యి ఎత్తితే బావ వేలు ఎత్తేశాడు, నేను కొట్టేశాను.

"జబర్దస్త్ మిషన్ రా! కొట్టకముందే చెప్తున్నది" అన్నాడు ముసలి సర్దారు.

ఇంజనీరమ్మ గట్టిగా దగ్గింది. పిల్లగాడు కుడి పక్కకు జరిగాడు. బావ నన్ను చూసి మెల్లగా రెండు వేళ్లు ఎత్తాడు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. వరండాలో కొట్టి చూసినప్పుడు డ్రమ్ము సిమెంటు నేల మీద ఉంది. హాల్లో అది చెక్క వేదిక మీద ఉంది. కింద అంతా డొల్ల. అది నేను ఆలోచించలేదు. పైగా చుట్టూ చీకటి, నెత్తి మీద టోపీ, ముక్కులో రాతి దుమ్ము. కర్ర ఎత్తి ఒక్కటి వేశాను.

డొబ్బ్!

ఆ చప్పుడు నేను జన్మలో వినలేదు. హాలంతా అదిరింది. అంత చెడ్డ రూఫు ఏ బాయిలోనూ ఉండదు. కొట్టింది నేనేనని నా చేతికి తెలుసు. చెవి మాత్రం చెయ్యిని అడగలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఎనక్కీ!"

కర్ర పారేసి, చెక్క పక్కనుంచి దూరి ఉరికాను. ఆ మోకాళ్లు ఎక్కడ పోయాయో తెలియదు. నేను ఒక్కడినే కాదు. సర్దార్లు ఉరికారు, ఓవర్‌మన్లు ఉరికారు, పిల్లలు ఉరికారు. ట్రైనింగ్ సారు నీళ్ల గ్లాసుతో ఉరికాడు. ఇంజనీరమ్మ నాకంటే ముందే వరండాలో ఉంది. ఆమె కంటే ముందు పెద్ద సారు, ఒక కాలికే బూటు.

బయట వెలుతురులో అందరం రొప్పుతూ నిలబడ్డాం. ఎవరూ నవ్వలేదు. నేను, అలవాటు కొద్దీ, లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు అంటూ భుజం తట్టుకుంటూ పోయాను. పెద్ద సారు భుజం కూడా తట్టాను. ఆయన కూడా అలవాటు కొద్దీ కదలకుండా నిలబడి తట్టించుకున్నాడు.

"ఇద్దరు తక్కువున్నరు" అన్నాను.

లోపలికి పోయి చూస్తే పచ్చ మిషన్ సేల్స్ ఆయన కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "టీ బ్రేకా?" అని అడిగాడు. అక్కడ చెక్క చివర, ఖాళీ హాల్లో, మా బావ రెండు వేళ్లు ఎత్తుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు.

"ఏమైంది బావా? ఇంకా కొడతలేవు? చెయ్యి గుంజుతున్నది."

వెనుకే పెద్ద సారు కుంటుకుంటూ వచ్చాడు. డ్రమ్మును చూశాడు. దాని మీద పలకను, కింద పడ్డ నా కర్రను, బావ రెండు వేళ్లను చూశాడు. ట్రైనింగ్ సారు గ్లాసులో మిగిలిన నీళ్లు గటగటా తాగేశాడు.

"మిషన్ కొట్టిందా, నువ్వు కొట్టినవా?" అన్నాడు పెద్ద సారు.

"నేనే కొట్టిన సార్."

"నువ్వే కొట్టినవ్."

"అవ్ సార్."

"మరి నువ్వెందుకు ఉరికినవయ్యా?"

నేను నేల చూపులు చూస్తూ చెప్పాను, "చప్పుడు చెడ్డగ ఉండె సార్."

పెద్ద సారు కుర్చీలో కూలబడి, టోపీ తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. అప్పుడు హాలంతా నవ్వింది. బావ మా మొహాలు చూసి, ఏం జరిగిందో తెలియకపోయినా, మర్యాద కోసం నవ్వాడు. వేళ్లు మాత్రం దించలేదు.

ఇంజనీరమ్మ నవ్వలేదు. ముందుకు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. పనిముట్టు కంపెనీని ఎట్లా కొన్నారు, రికార్డులు ఎట్లా తాళం లోపల ఉండిపోయాయి, నెల టైం ఎందుకు కావాలి, అన్నీ. తప్పు నాదే, కాకాది కాదు అంది. నేను నాదే అన్నాను. బావ మా పెదవులు చూసి, "కాదు సార్, నేనే వేళ్లు ఎత్తిన" అన్నాడు.

పెద్ద సారు అంతా విని, సేల్స్ ఆయన వైపు తిరిగాడు. "మీరెందుకు ఉరకలే?"

"నాకేం ప్రమాదం కనిపించలేదు సార్."

"కనపడది. వినపడతది" అన్నాడు పెద్ద సారు. తర్వాత ట్రైనింగ్ సారుకు చెప్పాడు. ఇవాళ ఏ మిషనూ కొనం. ముందు మన బాయిల రూఫు చప్పుళ్లు మనమే రికార్డు చేసుకోవాలి. ఎవరి పనిముట్టులోనూ కట్టకుండా, ఎక్కడైనా వినిపించేలా విడిగా, మన బీరువాలో పెట్టుకోవాలి. నీలమైనా పచ్చైనా, వచ్చిన మిషన్ మన చప్పుళ్లే తీసుకోవాలి, తాళం మనకు ఇచ్చి పోవాలి. నెల తర్వాత మళ్లీ పరీక్ష.

ట్రైనింగ్ సారు నన్ను సంజాయిషీ రాయమన్నాడు. పద్ధతి పద్ధతే కదా. నేను రాసింది రెండే ముక్కలు. "నేను కొట్టిన చప్పుడుకు నేనే ఉరికాను. ఇక ముందు ఇట్లా ఉరకను." ఆయన చదివి తల పట్టుకున్నాడు.

"ఉరకనని రాస్తావేంటయ్యా! రేపు నిజంగా చెడ్డ రూఫు వస్తే? ఉరుకుతానని రాయి. కొట్టనని రాయి."

అట్లాగే మార్చి రాశాను. ఆ కాగితం నా సర్వీసు ఫైల్లో ఇప్పటికీ ఉంటుంది.

నెలలో ఇంజనీరమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. నేను మళ్లీ ఒక రోజు పట్టీలు కట్టుకుని దిగాను. రెండో పరీక్షలో ఆ పిల్లగాడు కళ్లు మూసుకుని పదిసార్లు చెప్పాడు, ఒక్కటి కూడా తప్పలేదు. చివరిదానికి "ఎనక్కి!" అని కేక కూడా వేశాడు. ఈసారి పెద్ద సారు ఉరకలేదు గాని, సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. పచ్చ మిషన్ వాళ్లు కూడా మన చప్పుళ్లు తీసుకున్నారు. రెండు మిషన్లనూ చెరి కొన్ని సెంటర్లకు కొన్నారు. నా రెండేళ్లూ అక్కడే గడిచాయి, హాయిగా రిటైరయ్యాను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. పోయిన ఎండాకాలం ఇంజనీరమ్మ ఫోన్ చేసింది.

"కాకా, ఒక ముచ్చట చెప్పాలె. నవ్వొద్దు. మా నీలం కంపెనీని గూడ పచ్చోళ్లు కొన్నరు."

"అంటే రెండు బండ్లు, గిర్నీ, అన్నీ ఒక్కనియేనా ఇప్పుడు?"

"ఒక్కనియే. మా సారుకు లెటర్ వచ్చింది. ఈసారి చివరిదాంక చదివిండు."

"ఏమున్నది?"

"విలువైన మిత్రులు అని లేదు కాకా."

తర్వాత వారానికే ట్రైనింగ్ సారు ఫోన్. కొత్త బ్యాచ్ మొదటి రోజు. రెండూ ఒకటై పేరు మార్చుకున్న కంపెనీ తన తాళాలన్నీ మారుస్తోందట, రెండు మిషన్లూ ఒకేసారి నల్లబడ్డాయి. బొమ్మ లేదు, చప్పుడూ లేదు. "మన బీరువాలో చప్పుళ్లు భద్రంగానే ఉన్నాయయ్యా. వాటిని మింగే మిషనే లేదు. ఓసారి వస్తావా?" అన్నాడు. ఆ గొంతులో కంగారు వినగానే పాత రోజులు గుర్తొచ్చాయి.

బావను ఎక్కించుకుని పోయాను. పలకలు రెండూ అక్కడే ఉన్నాయి, డ్రమ్ము అక్కడే ఉంది, వేదిక అదే. నల్ల గుడ్డలు కట్టించాను. ఈసారి చెక్క అడ్డం తీసేయించి, పిల్లలందరికీ కనిపించేలా కూర్చున్నాను. ఆ బ్యాచ్‌లో ఆడపిల్లలు కూడా ఉన్నారు. కొట్టేది ముసలోడని, కొట్టేది డ్రమ్మునని వాళ్లకు కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంది. కొందరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు కూడా. ముందు పద్ధతి చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. తర్వాత కంగుమని పదిసార్లు కొట్టాను. పక్కన నిలబడ్డ బావ అలవాటు కొద్దీ రెండు వేళ్లు ఎత్తితే, పదకొండోది డ్రమ్ము మీద వేశాను.

డొబ్బ్!

కేక నేను వేయలేదు. ముందు వరుసలో ఉన్న ఒక ఆడపిల్ల వేసింది. అందరూ ఉరికారు. నేనూ ఉరికాను, మోకాళ్లు పట్టుకుని. వరండాలో ఆ పిల్లే లెక్క పెట్టింది. ట్రైనింగ్ సారును, నన్ను కూడా భుజం తట్టి లెక్క పెట్టింది. ఆగి, "సార్, ఒకలు తక్కువున్నరు" అని, ఎవరూ చెప్పకుండానే మళ్లీ లోపలికి పోయి మా బావను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆయన రెండు వేళ్లు ఇంకా పైకే ఉన్నాయి.

లెక్క సరిపోయింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇంత పొడుగు నేనెప్పుడూ రాయలేదు, చెయ్యి గుంజుతోంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ రాతను కూడా రూఫును చూసినట్టే చూడండి. ఎక్కడైనా డొల్లగా వినిపిస్తే అక్కడ నిలబడకుండా ముందుకు జరిగిపోండి. ఒత్తు పడిపోయి ఉంటే మీరే ఎత్తి పెట్టుకోండి. తప్పులు నావి, పెద్ద మనసు మీది. నన్ను క్షమించండి.